ఆడబిడ్డ చేను

మా మేనమామ మీద నాకున్న కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాక రాస్తే బాగుంటుందని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. చల్లారిపోయాక ఇక రాయడం దేనికి? వేడిగా ఉన్నప్పుడే వడ్డిస్తున్నాను.

అమ్మ పుట్టిల్లు కొమరోలు దగ్గర ఒక పల్లె. నేను మార్కాపురంలో బడిలో పాఠాలు చెప్పుకుంటూ బతుకుతాను. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఆమె పెళ్ళినాడు మా తాత ఆమెకు పసుపు కుంకుమ కింద ఒక చేను ఇచ్చాడు. కాగితం ఏదీ రాయలేదు. పెద్దమనుషులను కూర్చోబెట్టి, ఫలానా చేను నా బిడ్డకు ఇస్తున్నాను అని నోటితో చెప్పాడు. మా వైపు అప్పట్లో అందరూ అలాగే ఇచ్చేవాళ్ళు. బిడ్డకు పెట్టేదానికి స్టాంపు కాగితమేంది, అమ్ముకుంటున్నామా అనేవాళ్ళు. ఆ రోజు నుంచి ఊళ్ళో దాని పేరు ఆడబిడ్డ చేను. గొర్రెలు పడ్డాయని తిట్టుకున్నా, వాన ఎక్కడిదాకా పడిందో చెప్పుకున్నా ఆ పేరుతోనే.

సాగు మాత్రం మామ చేసేవాడు. ఆడబిడ్డ చేను అన్నదమ్ములే చూసుకోవడం మా దగ్గర మామూలు. ఎర్రనేల, బోరు లేదు, వాన పడితే కంది, పడకపోతే కంప. పండిన ఏడు మామ అమ్మ వాటా కందులు మూట కట్టి బస్సులో వేసుకొచ్చేవాడు. అమ్మ వాటిని పప్పు చేయించి వీధిలో నాలుగిళ్ళకు పంచేది. "మా చేని కందులు" అని చెప్పి మరీ ఇచ్చేది. అత్తింట్లో ఇల్లు మామగారిది, పొలం మరుదులది, చివరికి వంటగది కూడా ఆమెది కాదు. ఈ లోకంలో నాది అని ఆమె అనగలిగింది ఆ చేను ఒక్కటే. కాబట్టి మామ దాని జోలికి వచ్చినప్పుడు ఎక్కడ చేయి పెట్టాడో మీకు అర్థం కావాలి.

కొత్త రోడ్డు వస్తుందన్నారు. పేపర్లో సర్వే నంబర్లు పడ్డాయి. అమ్మకు నంబర్లు తెలియవు. పక్క చేని ఆమె ఫోన్ చేసి, "వదినా, నీ చేను రోడ్డులో పోతాంది" అని చెప్పింది. అమ్మ ఆ పూట అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచి లేచింది. మామకు నేను ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, కట్ చేశాడు. ఆదివారం ఇద్దరం బస్సెక్కి గిద్దలూరులో మారి ఊరికి పోయాము.

మామ ఇంటి ముందు తన ట్రాక్టరు నీడలో మందు కొట్టే పంపు విప్పుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. అమ్మ నెమ్మదిగానే మొదలుపెట్టింది.

"అన్నా, చేను పోతాందంట గదా. ప్రభుత్వం తీసుకుంటే మనమేం జేస్తాం. ఆఫీసులో నా పేరు రాపియ్యి. నాయన నాకిచ్చినదని చెప్పు, చాలు."

"ఏ చేనుమా?" అన్నాడు మామ. చేతిలోని వాషరు పైకెత్తి వెలుతురుకు పెట్టి చూసుకుంటున్నాడు.

"ఏ చేనేంది న్నా. నా చేను."

"నీ చేను యాడుంది? పాసుబుక్కు నాది, పన్ను కట్టింది నేను, దున్నింది నేను. తోడబుట్టినదానివి గదా అని ఏడాదికింత కందులు తెచ్చి పెట్టినా. పెట్టిన ముద్దకు గుడకా లెక్క అడగొస్తివా?"

లోపలి నుంచి అత్త చెంబుతో నీళ్ళు తెచ్చింది. అమ్మ తాగలేదు. నేను తాగాను, ఎండకు వచ్చి ఉన్నాను, పైగా తిట్టడానికి గొంతు తడిగా ఉండాలి. నేను అన్న మాటలు ఇక్కడ రాయను. నా పిల్లలు కూడా ఇది చదువుతారు.

అక్కడి నుంచి పెద్దమనుషుల దగ్గరికి పోయాము. పెళ్ళినాడు తాత పక్కన కూర్చున్నవాళ్ళలో ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ళలో పెద్దాయన, మంచం మీద పొట్లంలో పొగాకు విప్పుకుంటూ, "అన్నతో పెట్టుకుంటావామ్మా? చేను పోతే పోయె, పుట్టిల్లు పోగొట్టుకుంటావు" అన్నాడు. సాక్ష్యం చెప్పమని అమ్మ ఆయన చేతులు పట్టుకుంది. ఆయన పొగాకు నోట్లో వేసుకున్నాడు. నోట్లో అది ఉంటే మాట్లాడనక్కర్లేదు కదా.

అభ్యంతరం పెడదామని మార్కాపురంలో భూసేకరణ చూసే ఆఫీసుకు పోయాము. అక్కడి గుమాస్తా మర్యాదగానే చూశాడు. ఎక్కడా మీ పేరు లేదమ్మా, మీ నాయన చనిపోయినాక పొలాలన్నీ మీ అన్న పేరుకు మారినాయి అన్నాడు. అదెట్లా మారుతుంది, కూతురు ఉంది కదా అని నేను గట్టిగా అడిగాను. ఆయన కంప్యూటర్లో చూసి కాస్త ఇబ్బందిగా, "వారసుడు ఒక్కడే, ఆడపిల్లలు ఎవరూ లేరని చెప్పినారు" అన్నాడు.

బయటికొచ్చి అమ్మ సైకిల్ స్టాండు పక్క నీడలో కూర్చుంది. తర్వాత నా వైపు చూడకుండానే, "నేను లేనని చెప్పినాడా?" అని అడిగింది. చేను లేదన్నప్పుడు ఆమె ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చింది. నాకు ఆ క్షణంలో మామను పచ్చిగా నమిలేయాలనిపించింది. పగ అంటే పుస్తకాల్లో చదవడమే గానీ, అది కడుపులో ఇంత బరువుగా ఉంటుందని అప్పటిదాకా తెలియదు. అన్నం తింటున్నా, పిల్లల పేపర్లు దిద్దుతున్నా అది అక్కడే ఉండేది. వంకాయలు కోస్తున్నప్పుడు కూడా నేను మామతో మాట్లాడుతూనే ఉన్నానని మా ఆయన నవ్వేవాడు.

ఆడవాళ్ళకు కోర్టులో ఉచితంగా లాయరును పెడతారని మా బడిలో ఒక టీచరమ్మ చెప్పింది. ఆస్తి ఉందా, ఉద్యోగం ఉందా అని కూడా చూడరట, ఆడది అయితే చాలట. అర్జీ ఇచ్చాము. మాకు ఒక లాయరమ్మను ఇచ్చారు. గిద్దలూరు మనిషి, నా వయసే ఉంటుంది. బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. మా కథంతా కదలకుండా విన్నది.

"పెద్దమ్మ చెప్పింది నిజమే. నిజం గదా అని కోర్టులో నిలబడుతుందనుకోవద్దు" అంది చివరికి అమ్మను చూపిస్తూ. "భూమి ఇచ్చినారంటే రిజిస్ట్రేషన్ యాడ అంటారు. సాక్షులు యాడ అంటారు. సాక్షులు ఆయన పక్క ఉన్నారు. అందుకని చేను అడగొద్దు."

"అడగకపోతే ఇంకెందుకు వచ్చాం?" అన్నాను.

"సగం అడుగుదాం. బిడ్డలు ఇద్దరే గదా, మీ తాత పొలాలన్నిట్లో సగం. అదడగడానికి ఎవరూ ఏమీ ఇచ్చి ఉండనక్కర్లేదు. పెద్దమ్మ ఆయనకు బిడ్డగా పుట్టింది, ఆయన వీలునామా రాయకుండా పోయినాడు. అది చాలు."

అమ్మ చెవులు మూసుకున్నంత పని చేసింది. "సగమా? పసుపు కుంకుమ తీసుకున్న ఆడబిడ్డ సగం అడిగితే ఊరు మొకాన ఉమ్మేస్తాది తల్లీ."

"ఉమ్మనీ పెద్దమ్మా," అంది లాయరమ్మ. "ఊరు నోరు తెరవడమే నాక్కావాల."

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. అమ్మకు అసలు అర్థం కాలేదు. ఆమెను ఒప్పించడానికి నాకు వారం పట్టింది. "లేనని చెప్పినాడు కదా, ఉన్నావని చెప్పొద్దా?" అన్నాను చివరికి. దానితో లేచి వచ్చి సంతకం పెట్టింది.

కూతురికి సగం వాటా ఉందని, తేలేదాకా ఆ చేను పరిహారం ఎవరికీ ఇవ్వొద్దని లాయరమ్మ ఆఫీసులో కాగితం పెట్టింది. మామకు నోటీసు పంపింది. నోటీసు ఇంటికి చేరిన పూట నుంచి మా ఫోన్లకు నిద్ర లేదు. వరసకు చిన్నాన్నలు, పెద్దమ్మలు, పేరు తెలియని బంధువులు. "ఇచ్చింది తినింది, ఇంకా సగం కావాలంట" అని ఒకామె. "మీ అమ్మ మాదిరి ఆడబిడ్డ ఏ కొంపలోనూ ఉండకూడదు" అని ఇంకొకాయన. అమ్మ పడమటి గదిలో తలుపేసుకుని కూర్చునేది. నేనైతే, నిజం చెప్తున్నాను, ప్రతి ఫోనూ హాయిగా ఎత్తేదాన్ని. ఎవరితోనూ వాదించొద్దని, ఎవరేమన్నా ఊ కొట్టమని లాయరమ్మ గట్టిగా చెప్పింది. నా జన్మలో నేను చేసిన కష్టమైన పని ఏదైనా ఉంటే అదే, నోరు మూసుకుని ఊ కొట్టడం. కానీ ఒకటి గమనించాను. అమ్మ సాక్ష్యం చెప్పమన్నప్పుడు గుర్తులేని చేను, సగం అడగ్గానే ఊరంతటికీ గుర్తొచ్చింది.

భూసేకరణ ఆఫీసులో విచారణ రోజు మామ కారు మాట్లాడుకుని వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె. వెంట పెద్దమనుషులు, పొగాకు పెద్దాయనతో సహా. వాళ్ళెవరినీ ఆయన బతిమాలి తీసుకురాలేదని తర్వాత తెలిసింది. వాళ్ళే బయలుదేరారు. తీసుకున్న ఆడబిడ్డ మళ్ళీ సగానికి రావడం ఈరోజు ఈ ఇంటికి జరిగితే రేపు వాళ్ళ ఇళ్ళకు జరుగుతుంది. అందుకని కోపంగా, న్యాయం చెప్పడానికే వచ్చారు. లాయరును పెట్టుకోమని ఎవరో చెబితే, "ఇంతమంది పెద్దమనుషులుండంగ లాయరు దండగ" అన్నాడట మామ.

ఆఫీసరు ముందు మమ్మల్ని వరసగా కూర్చోబెట్టారు. ఆయన అప్పటికే ఇలాంటివి చాలా విని విసిగి ఉన్నట్టున్నాడు. ఏమయ్యా, ఈమె నీకేమవుతుంది అని అడిగాడు.

"చెల్లెలు సార్."

"సగం అడుగుతోంది. ఏమంటావు?"

"ఎట్ల అడుగుతాది సార్? పెండ్లి చేసి పంపినం. పెట్టాల్సింది పెట్టినం. మళ్ళా సగమంటే యాడి న్యాయం? కావాలంటే ఈ పెద్దమనుషులను అడగండి."

లాయరమ్మ లవంగం బుగ్గ మార్చింది. పొగాకు పెద్దాయన అడగకముందే లేచాడు. నోరు ఖాళీగా ఉంది ఆ రోజు.

"నేను చెప్తా సార్. ఈ పాప నాయన నాకు మంచి సావాసగాడు. పెండ్లినాడు నా పక్కనే కూర్చోని, నా బిడ్డకు ఫలానా చేను పసుపు కుంకుమ కింద ఇస్తున్నా అన్నాడు. మేమందరం విన్నాం. ఆ చేనుతో ఈ పాప భాగం తీరిపోయింది. ఇంగ మిగతాదాంట్లో ఆమెకు ఏమీ లేదు."

పక్కనున్నవాళ్ళు అవునవును అన్నారు. మామ కూడా తల ఊపాడు. నేను నా చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాను. తలెత్తితే నవ్వొస్తుందని భయం.

"చేను ఇచ్చిన మాట నిజమేనా?" అని ఆఫీసరు మామను అడిగాడు.

"ఇంతమంది అబద్ధం చెప్తారా సార్? నిజమే. ఇచ్చినాడు నాయన."

"ఏది ఆ చేను? ఎక్కడుంది?"

"ఆడబిడ్డ చేను సార్," అన్నాడు పెద్దాయన, తెలియనివాళ్ళకు చెప్పినట్టు ఓపికగా. "ఇప్పుడు రోడ్డులో పోతాండేది అదే గద."

ఆఫీసరు రాయడం ఆపి తలెత్తాడు. లాయరమ్మ అప్పుడు నోరు విప్పింది. చాలా మర్యాదగా, "అయ్యా, తండ్రి చనిపోయినప్పుడు ఆడపిల్లలు లేరని ఈయనే చెప్పినాడు. ఇప్పుడు చెల్లెలు ఉందని, ఈ చేను ఆమెకు తండ్రి ఇచ్చినాడని కూడా ఈయనే చెప్తున్నాడు. రెండూ రాసుకోవాలని మనవి" అంది.

అందరిచేతా సంతకాలు, వేలిముద్రలు పెట్టించారు. పెద్దాయన వేలికి సిరా పూస్తుండగా మామ వైపు చూశాడు. తను ఏం చేశాడో ఆయనకు అప్పుడే తట్టింది. మామ మెడ మీద చెమట కారి తెల్ల చొక్కా కాలరు తడిసిపోయింది. ఆ తడిసిన కాలరును నేను తనివితీరా చూశాను. పాపమని అనిపించలేదు. ఇంకాస్త కారితే బాగుండుననిపించింది. ఇంటికి పోయేటప్పుడు మిఠాయి దుకాణంలో జిలేబీ కట్టించుకుని తిన్నాను, రోడ్డు మీదే, నిలబడి.

ఆ చేను పరిహారం ఎవరికి దక్కాలో కోర్టులో తేల్చుకోమని ఆఫీసరు ఆపేశాడు. కోర్టు అంటే ఏళ్ళు పడుతుందని లాయరమ్మ చెప్పింది. అయినా ఆయనే వస్తాడు చూడు అంది. చేను పోయిందన్నది ఒక భయం, చేనిచ్చినా సగం గొడవ ఆగదేమో అన్నది ఇంకో భయం. రెండింటి మధ్యా మామకు నిద్ర ఉండదని ఆమె లెక్క. ఆ లెక్క తప్పలేదు.

మామ మార్కాపురం వచ్చాడు. మా ఇంట్లో కుర్చీల మీద నేను పిల్లల నోటు పుస్తకాలు పేర్చి ఉంచాను, తీయలేదు. నిలబడే మాట్లాడాడు. చేను పరిహారమంతా అమ్మ పేరే రాయించుకోవచ్చునట, సగం మాత్రం అడగొద్దట. మిగతా పొలాల మీద హక్కు వదులుకున్నట్టు ఒక కాగితం రాసివ్వాలట.

నేను ఒప్పుకోలేదు. ఆయన పోయాక అమ్మతో పోట్లాడాను. "ఇప్పుడు దొరికాడు, సగం లాగుదాం, ట్రాక్టరు దిగి నడిచేటట్టు చేద్దాం" అన్నాను. న్యాయం సంగతి కాదు, నాకు ఆయన విరగడం కావాలి. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ అంతా విన్నది. "నాకు వాని భూమి వద్దు. నాది నాకు రానీ. మిగతాది నేను చూసుకుంటా" అంది. ఏం చూసుకుంటావని అడిగితే చెప్పలేదు.

లోక్ అదాలత్‌లో రాజీకి పెట్టారు. జడ్జిగారు షరతులు చదివి వినిపించారు. ఆడబిడ్డ చేను అమ్మది. పరిహారం ఆమె పేరున వస్తుంది. మిగతా పొలాల మీద ఆమె తన హక్కు విడుదల చేస్తుంది. ఇష్టపూర్వకంగానే చేస్తున్నారా, ఇంకేమైనా చెప్పాలా అని అమ్మను అడిగారు. మామ అప్పటికే పెన్ను పట్టుకుని ఉన్నాడు. వెనక బల్ల మీద పెద్దమనుషులు ఉన్నారు.

"ఒకటుంది సామీ," అంది అమ్మ. "పొలం మీద నా హక్కు నేను వదులుకుంటున్నా. నా మీద వీని హక్కు వీడు వదులుకోవాల."

జడ్జిగారికి అర్థం కాలేదు. అమ్మ మామ వైపు తిరగకుండానే చెప్పింది. "రేపు నేను పోతే పుట్టింటి చీరని ఒకటి తెస్తారు. తోడబుట్టినోడు తెచ్చి కప్పాల. ఆ చీర వీడు తేకూడదు. నా పీనుగను చూడ్డానికి గుడకా గడప తొక్కకూడదు. అది రాయండి."

మా వైపు ఆడదాని మీద పుట్టింటివాళ్ళకు మిగిలే ఆఖరి హక్కు ఆ చీర. దాన్ని కాదన్నారంటే ఆ ఇంటి మగవాణ్ణి మనిషిగానే లెక్కపెట్టలేదని ఊరు అనుకుంటుంది. మామ పెన్ను కింద పెట్టాడు. "అమ్మా, అదొక్కటీ అనొద్దు. చేను తీసుకున్నావు గదా. అంత మాట వద్దు" అన్నాడు. పంచె చెంగుతో కళ్ళు తుడుచుకున్నాడు. భూమి పోతుందన్నప్పుడు కారిన చెమట వేరు, ఇది వేరు. అట్లాంటివి కోర్టు రాయదమ్మా అని జడ్జిగారు మెత్తగా చెప్పారు.

"మీరు రాయకున్నా సరే సామీ. ఇంతమంది విన్నారు" అని అమ్మ సంతకం పెట్టింది. ట్రాక్టరు దింపి నడిపిద్దామని గంతులేసిన నా పగ, ఆమె పగ ముందు చిన్నపిల్లల అలకలా అనిపించింది. ఇద్దరమూ ఒక కంచంలో తింటున్నా నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు.

పరిహారం ఆమె బ్యాంకు పుస్తకంలో పడ్డ మర్నాడే నన్ను బట్టల బజారుకు తీసుకుపొమ్మంది. దుకాణంలో గంటసేపు ఏదీ నచ్చలేదంది. చివరికి పసుపు నేత చీర, ఎర్ర అంచుది తీసింది. నాన్న పోయాక ఆ రంగు ఆమె ముట్టుకోలేదు. ఎవరికమ్మా అని దుకాణదారు అడిగితే, నాకే, కానీ ఇప్పటికి కాదులే అంది. ఇంటికొచ్చి దాన్ని కవరు కూడా విప్పకుండా నా చేతికిచ్చి బీరువాలో పెట్టమంది.

"నేను పోయిన్నాడు ఇది కప్పు. పుట్టింటి చీర యాడని ఎవురన్నా అడుగుతారు. మా నాయన పంపినాడని చెప్పు. మీ మామ గడప అవతల నిలబడి ఉంటాడు. వానికి వినపడేటట్టు చెప్పు."